అత్త కట్టుడు పళ్ళు

మా మేనత్త మొన్న మధ్యాహ్నం నరసాపురంలో పోయింది. ఆసుపత్రి నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్త వెళ్ళిపోయిందక్కా" అంది.

మావయ్య సముద్రం మీద వేటకు వెళ్ళి తెచ్చిన చేపల్ని బజారులో కూర్చుని అమ్మేది అత్త. ఆవిడ కేక వేస్తే వంతెన అవతలివాళ్ళకు కూడా ఇవాళ గంపలో ఏముందో తెలిసేది. చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళన్నీ తీయించుకున్నాక ఆ కేక పోయింది. సొర చేప అంటే హొర చేప అని వినబడేది. జనం నవ్వితే తనూ నవ్వేది గానీ, ఇంటికొచ్చాక మాట్లాడడం బాగా తగ్గించేసింది.

కట్టుడు పళ్ళు పెట్టించుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. అద్దం ముందు కూర్చుని చందువా, సొర, సావిడాయ అని ఒక్కో చేప పేరూ పలికి చూసుకుంది. "సరిగ్గా అంటున్నానా అమ్మాయ్?" అని అడిగింది. సరిగ్గానే అంటోంది.

అప్పటినుంచి ఆ పళ్ళను ఆవిడ చూసుకున్నంత శ్రద్ధగా తన ఒంటిని కూడా చూసుకోలేదు. అన్నం తిన్న ప్రతిసారీ తీసి కడిగేది. జారి పడితే పగలకుండా కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకునేది. గీతలు పడతాయని పేస్టు తగలనిచ్చేది కాదు. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు, అంతే. పడుకోబోయే ముందు పళ్ళు తీసి చన్నీళ్ళ గిన్నెలో ఉంచి, చిగుళ్ళను తడిబట్టతో తుడుచుకునేది. "చిగుళ్ళు పగలంతా మోశాయి కదే, వాటికీ కాసేపు ఊపిరాడాలి" అనేది.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంకా శుభ్రపడతాయనుకుని ఆ గిన్నెలో మరిగే నీళ్ళు పోసింది. తెల్లారి చూస్తే పళ్ళ సెట్టు వంకరపోయింది. అత్త నోట్లో పెట్టుకోబోతే నిలవలేదు. కోడలు తలుపు వెనక నిలబడి ఏడుస్తోంది. అత్త సెట్టును అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది.

"మంచికేగా పోశావు, ఏడవకు. కొత్తది వచ్చేదాకా కేక నువ్వెయ్యి, బేరం నేను చూస్తా" అంది.

పెద్దగా మాట్లాడడం కూడా అలవాటు లేని పిల్ల అది. మొదట్లో పక్క గంపవాళ్ళకే వినబడేది కాదట. అత్త మోచేత్తో పొడుస్తూ "ఇంకాస్త గట్టిగా" అనేదట. కొత్త సెట్టు వచ్చేసరికి ఆ పిల్ల గొంతు బజారంతా వినబడుతోంది. ఆ తర్వాత కూడా కేక కోడలిదే. "నీ పళ్ళు వచ్చాయి కదత్తా, నువ్వెయ్యవేం?" అని అడిగాను.

"వచ్చాయిలే. దాని కేక వింటుంటే బాగుంది" అంది.

చివర్లో జబ్బు చేసి ఆసుపత్రిలో చేర్చినప్పుడు పళ్ళు తీసి ఉంచమన్నారు. నోట పెట్టుకునే వీలు లేకపోయినా కోడలు రోజూ కడిగి నీళ్ళు మార్చేదట. ప్రాణం పోయాక నర్సు వచ్చి, "పెట్టాలంటే ఇప్పుడే పెట్టండమ్మా, కాసేపాగితే దవడ బిగుసుకుపోద్ది" అందట. ఆ పిల్లే కడిగి, పెట్టి, పెదవులు దగ్గరకు చేర్చింది. నేను వాళ్ళింటికి వెళ్ళి చూస్తే అత్త బుగ్గలు లోపలికి పోలేదు. ఎవరో తక్కువ ధర అడిగితే ఒప్పుకోని మనిషిలాగే ఉంది.

బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు బేరాలు వదిలేసి నేరుగా వచ్చారు. గంపల్ని గోడ పక్కన వరసగా దించి లోపలికి వెళ్ళారు. ఐసు కరిగి నీళ్ళు సన్నగా రోడ్డు మీదికి పారుతున్నాయి. కోడలు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎండ పడుతున్న గంపల మీద ఒక్కొక్కటిగా తడి గోనెపట్టాలు కప్పుతోంది.