వీధికి వినిపించిన సినిమా

“వెతికింది నేను, చూసింది నేను, చెప్పింది నేను. అందులో నీదేముంది?”

“చెప్పావు కదా, అదే అంటున్నా. స్పీకరు వీధి వైపు తిప్పిపెట్టింది నువ్వే. వీధిలో వినపడిన మాట వీధిలో వాళ్ళందరిదీ.”

“సరే, ఏరుకుని తిను. ఎవరి వాకిట్లో ఏరుకున్నావో రేడియోలో చెప్పడానికి నోరు రాలేదా?”

“నీ పేరు చెబితే ఎవరు వింటారు నాకబుగో?”

వీడియో హాలు చెక్కగోడ అవతల బల్ల బోర్లాపడిన చప్పుడైంది. పక్క అడితిలో రంపాలు ఆగాయి. కంపాలాలో మా ఎన్‌దేబా పేటంతా కలప పనే. రంపం ఆగిందంటే పక్కింటి గుసగుస కూడా వినిపిస్తుంది. వడ్రంగులు కావాలనే ఆపారు. నేను ఎదురుగా బోడా స్టాండులో నా కిరాయి మోటారు సైకిలు మీద కూర్చుని, చపాతీలో చుట్టిన గుడ్డు తింటూ, ఒక్క మాట పోకుండా విన్నాను.

కల్యంగో బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద పడిన రంపపు పొట్టు దులుపుకుంటూ నవ్వుతున్నాడు. “మీ అక్కకి కాసిని నీళ్ళియ్యండిరా, గొంతెండింది” అని మా స్టాండు వాళ్ళతో అని కారెక్కాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. చదువు మధ్యలో వదిలేసినవాణ్ణి, నాకు మర్యాదగా తిప్పి చెప్పడం రాదు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, కల్యంగో మీద నాకు జాలి లేదు.

నాకబుగో ఆ వీడియో హాల్లో వీజే. తెర మీద ఏ దేశం సినిమా ఆడుతున్నా, మైకు పట్టుకుని మా లుగాండా భాషలో దాన్ని చెబుతూ పోవడం వీజే పని. ఊళ్ళో వీజేలు చాలామంది ఉన్నారు. తుపాకులు పేలే సినిమాలు వాళ్ళవి. పేరు కూడా ఎవరూ వినని సినిమాలు ఈమెవి. ఫోన్లో సినిమాల యాప్ తెరవగానే కనిపించేవన్నీ బజారులో బుట్ట పైన పేర్చిన టమాటాలని ఆమె లెక్క. అడుగుదాకా చెయ్యి పెట్టే ఓపిక లేనివాళ్ళు సినిమాలు చూడ్డం మానుకుని పేకాడుకోవచ్చనేది.

హాల్లో కూర్చుని చూసేవాళ్ళే కాదు, ఇంటికెళ్ళి ఫోన్లో ఏం చూడాలో అడగడానికి కూడా జనం ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. నీకు ఎలాంటివి ఇష్టం అని ఆమె ఎవర్నీ అడగదు. “ఇవాళ ఎవరితో గొడవపడ్డావు?” అని అడుగుతుంది. శిష్యుడు తన బేరాలన్నీ ఎగరేసుకుపోయాడని ఏడ్చిన మంచాల మేస్త్రీకి ఒక మంగోలియా సినిమా చెప్పింది. అందులో ఒక ముసలావిడ దొంగలెత్తుకుపోయిన తన ఇనప పొయ్యి కోసం మంచులో నడుచుకుంటూ పోతుంది. సినిమా అంతా నడకే. మేస్త్రీ అది చూసి, మర్నాడే వెళ్ళి శిష్యుడి కొట్టుకి ఎదురుగా కొట్టు తెరిచాడు. సవతితో పడలేని చేపల బేరగత్తెకి ఎక్కడో చలి సముద్రం పక్కన తీసిన ధారావాహిక చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళకి కలిపి ఒకటే పడవ, అదీ కథ. పోనీలే అని సర్దుకోమనే సినిమా ఆమె దగ్గర ఒక్కటీ ఉండేది కాదు. నాకైతే ఏదీ చెప్పేది కాదు. “నీకు లోకం మొత్తంతో గొడవ. అంత పొడుగు సినిమా ఇంకా తియ్యలేదు” అనేది.

ఆమె మొదట దర్జీ. హాలు పక్క గదిలో ఆడవాళ్ళ గోమెసిలు కుట్టేది. అప్పట్లో మైకు కల్యంగో చేతిలో ఉండేది. వాడు తెర సరిగ్గా చూడకుండానే నోటికొచ్చింది చెప్పేవాడు. ఈమె పలకల సందులోంచి చూస్తూ, మిషను ఆపి, “అబద్ధం, అతను ఆమె మొగుడు కాదు, తమ్ముడు” అని అరిచేది. కొన్నాళ్ళకి జనం సినిమా కోసం కాక ఆ అరుపుల కోసం రాసాగారు. హాలు యజమాని తెలివైనవాడు, ఈమెని పిలిచి మైకు ముందు ఇంకో కుర్చీ వేశాడు. ఇద్దరూ పోట్లాడుకుంటూ ఏళ్ళ తరబడి సినిమాలు చెప్పారు. తరవాత కల్యంగోకి రేడియోలో పని దొరికింది. వెళ్ళినవాడు వెళ్ళినట్టు ఉంటే బాగుండేది.

శనివారం శనివారం రేడియోలో ‘మీరు చూడని సినిమాలు’ అని వాడి కార్యక్రమం. గురువారం నాకబుగో చెప్పిన సినిమానే, ఆమె వేసిన జోకులతో సహా, శనివారం వాడు తన సొంతంలా చెప్పేవాడు. హాల్లోకి అడుగుపెట్టేవాడు కాదు. గురువారం చపాతీ బండి పక్కన కారాపి, అద్దం దించి, మా స్పీకరు కాసేపు విని వెళ్ళిపోయేవాడు. మా స్టాండులో అందరం చూసేవాళ్ళం. సినిమా పేరు, కథ, రెండు జోకులు దొరికితే వాడి పనైపోయినట్టే.

ఫోన్లో సినిమాలు చూపించే ఒక కంపెనీ, ప్రతి ఆదివారం ఏం చూడాలో లుగాండాలో చెప్పే గొంతు ఒకటి కావాలని మనుషుల్ని పిలిచింది. నాకబుగో కొత్త గోమెసి కట్టుకుని వెళ్ళింది. అక్కడి అధికారి మర్యాదస్తుడే. ఆమె చెప్పిందంతా విని, “న్యాబో, అమ్మగారూ, ఇవన్నీ కల్యంగో గారు ఏడాదిగా చెబుతున్నవే కదా” అన్నాడు. ఇద్దరం ఒకే మైకు దగ్గర పనిచేశాం, కావాలంటే వాణ్ణే అడగండి అంది ఈమె. ముందే అడిగారట. ఆ హాలుకి తెరలు కుట్టిన మనిషని చెప్పాడట కల్యంగో. మైకు వాడికే ఖాయం చేశారు.

పొద్దున నేను విన్న గొడవ దాని గురించే. ఆ సాయంత్రం నా బండి మీదే ఇంటికి వెళ్ళింది. దిగాక ఒక మాటంది.

“వాడు నా పేరు మింగాడు. వాడి పేరు వాడి నోటితోనే ఉమ్మిస్తాను.”

ఆ తరవాతి గురువారం హాలు కిటకిటలాడింది. సినిమా మొదలుపెట్టే ముందు ఆమె మైకు ఆపి, ఉత్త గొంతుతో మాకు మూడు ముక్కలు చెప్పింది. ఇవాళ నా నోరు ఒక సినిమా చెబుతుంది, తెర ఇంకోటి చెబుతుంది. మీరు తెర చూడండి. నేను చెయ్యెత్తినప్పుడు నవ్వండి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కారు అప్పటికే చపాతీ బండి పక్కన ఆగి ఉంది.

అది జార్జియా కొండల్లో తీసిన సినిమా. ఒకతని భార్య చనిపోయింది. మంచాన పడిన అత్తగారు మిగిలింది. ఆమెకి ఇంకెవరూ లేరు. అల్లుడే నీళ్ళు పోస్తాడు, తల దువ్వుతాడు, ముద్దలు పెడతాడు. చివర్లో ఆమెని వీపున ఎక్కించుకుని, మంచు కరుగుతున్న పొలం చూపించడానికి తీసుకెళతాడు. అంతే సినిమా. నాకబుగో దాన్ని ఏనాడో వెతికి పట్టుకుంది గాని ఎవరికీ చూపించలేదు. ఎలా చూపిస్తుంది? మా దగ్గర అల్లుడు అత్తగారికి చెయ్యి కూడా ఇవ్వడు. దారిలో ఎదురైతే ఆమె గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకుంటుంది. ఒకరినొకరు తాకితే చేతులు వణికే జబ్బు వస్తుందని ఇప్పటికీ నమ్ముతారు, ఇంగ్లీషు చదివినవాళ్ళతో సహా.

మైకులో మాత్రం నాకబుగో అల్లుణ్ణి మనవణ్ణి చేసింది, అత్తని గడుసు నాయనమ్మని చేసింది. తల దువ్వుతుంటే పేల మీద జోకు, ముద్ద పెడుతుంటే ఉప్పు మీద జోకు. చెయ్యెత్తినప్పుడల్లా మేం నవ్వాం. తెర చూసి ఇద్దరు పెద్దమనుషులు ముఖం గోడకి తిప్పుకున్నారు. వెనక వరస ఆడవాళ్ళు కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూశారు. మంచాల మేస్త్రీ చెయ్యెత్తినప్పుడు నవ్వుతూనే చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. వీపు మీద ఎక్కించుకునే చోట మాత్రం ఆమె చెయ్యెత్తలేదు. ఆఖర్న యాప్‌లో ఉన్న పేరు రెండుసార్లు విడమరిచి చెప్పి, వియ్యాలవారు ఇంటికొచ్చిన రోజు అందర్నీ చాప మీద కూర్చోబెట్టి చూడాల్సిన సినిమా ఇది అంది.

శనివారం రేడియోలో కల్యంగో అంతా అప్పగించాడు. ఉప్పు జోకూ చెప్పాడు, పేల జోకూ చెప్పాడు. అక్కడితో ఆగితే కాస్తలో పోయేది. నేను మా అత్తవారితో కలిసి చూశాను, మా అత్తగారు నవ్వలేక చచ్చారు అన్నాడు. కంపెనీ వాళ్ళకి ఆ మాట తెగ నచ్చింది. అత్తవారితో కూర్చుని ఆ సినిమా చూస్తుండగా ప్రకటన తీస్తాం, ఆదివారం ఏర్పాటు చెయ్యండి అన్నారు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. అప్పుడైనా సినిమా ఒకసారి చూసుకోవచ్చు కదా. చూడలేదు. చూడకుండా చెప్పడమే వాడికి అలవాటు.

కెమెరా అతను మా స్టాండుకి వస్తే నేనే ఎక్కించుకున్నాను, అడిగి మరీ. కల్యంగో ఇంటి గుమ్మంలో నిలబడి అంతా చూశాను. మామగారు పాదాల దాకా తెల్ల కాంజు తొడుక్కుని సోఫా మీద కూర్చున్నాడు. అత్తగారు పెద్ద గోమెసి కట్టుకుని, అల్లుడికి ఎదురు పడకుండా లోపలి గది గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంది. కల్యంగో భార్య వేరుశనగ పులుసుతో మటోకె, అదే ఆకుల్లో ఉడికించిన అరటికాయ ముద్ద, వడ్డించింది. వాడు లేచి నిలబడి, నవ్వడానికి సిద్ధంగా ఉండండి అన్నాడు.

సినిమా కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. బావమరిది బడిపంతులు, పెద్దవాళ్ళ కోసం పైకి చదవడం మొదలుపెట్టాడు. “అత్తయ్యా, నీళ్ళు వేడిగా ఉన్నాయా?” అని చదివి ఆగిపోయాడు. మళ్ళీ చూసుకున్నాడు. తెర మీద అల్లుడు అత్తగారి కాళ్ళు కడుగుతున్నాడు. కల్యంగో ‘ఆమె నాయనమ్మ, నాయనమ్మ’ అంటున్నాడు. కింద అక్షరాలు మాత్రం మాటమాటకీ అత్తయ్యా అంటున్నాయి. ఆపమని మామగారు చెయ్యి ఊపాడు. కల్యంగో చాపల కింద రిమోటు వెతికి కంగారులో ఏదో నొక్కితే, సినిమా చివరికి దూకి, తెర మీదతను వీపు వంచి ఆమెని ఎక్కించుకున్నాడు.

అత్తగారు లేచింది. గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి కొడుకు వైపు తిరిగింది.

“మీ బావకి చెప్పు. నాకు కాళ్ళు ఇంకా ఉన్నాయి. వాడి వీపు నాకక్కర్లేదు.”

ఆమె వెనకే అందరూ వెళ్ళారు. కల్యంగో భార్య కూడా వెళ్ళింది. మటోకె ఆకుల్లోనే చల్లారిపోయింది. కెమెరా అతను కెమెరా ఆపడం మర్చిపోయానన్నాడు, నేనైతే నమ్మలేదు. కంపెనీ వాళ్ళు అది చూశాక, చూడని సినిమా చూశానని చెప్పేవాడి గొంతు మాకొద్దన్నారు. రేడియో వాళ్ళు కూడా వాణ్ణి వెనకేసుకు రాలేదు.

తరవాత వారమంతా ఎన్‌దేబాలో పండగే. కల్యంగో కనిపిస్తే చాలు, వడ్రంగులు రంపం ఆపి ఒకణ్ణొకడు వీపున ఎక్కించుకునేవాళ్ళు. నాకబుగో చూస్తూ వేరుశనక్కాయలు తినేది. చివరికి వాడే హాలుకి వచ్చాడు. కారులో కాదు, నడిచి. ఈసారి ఇస్త్రీ చొక్కా లేదు. మా అత్తవారింటికి ఒక్కసారి రా, నువ్వే కావాలని తప్పు చెప్పావని చెప్పు, నా ఇల్లు నిలబెట్టు అని బతిమాలాడు.

“వస్తాను. నేను తప్పు చెప్పానని చెప్తాను. నువ్వు చూడకుండా చెప్పావని కూడా చెప్తాను. రెండూ కలిపి చెప్పమంటావా?”

వాడు వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు. అత్తవారికి తెల్ల మేక ఇచ్చుకుని తప్పు ఒప్పుకుంటే గాని భార్య రాలేదని తరవాత తెలిసింది. బాగా అయింది అన్నాను నేను.

కంపెనీ అధికారి స్వయంగా వచ్చి మైకు ఆమెకిస్తామన్నాడు. మొదటి ఆదివారం ఏ సినిమా చెబుతారు అని అడిగాడు. ఆ జార్జియా సినిమానే అంది. అతను నవ్వాడు, తరవాత నవ్వడం మానేశాడు. ఇప్పటికే ఊరంతా దాన్ని సిగ్గులేని సినిమా అంటున్నారు, యాప్‌లో ఇక్కడి వాళ్ళకి కనపడకుండా తీసేద్దామనుకుంటున్నాం, ఇంకేదైనా చెప్పండి అన్నాడు. ఇంకోటి చెప్పనంది. ఇక్కడి అత్తా అల్లుడూ ఒక్క జత అది పూర్తిగా చూస్తే ఒప్పుకుంటారా అని అడిగింది. అతను ఒప్పుకున్నాడు. అలాంటి జత దొరకదని అతని ధైర్యం.

అతను వెళ్ళాక ఆమె వీధిలోకి వచ్చి నా బండి పక్కన నిలబడింది. అంత గెలిచిన మనిషి ముఖంలో గెలుపు లేదు. నా దగ్గర ఉన్నవాటిలో మంచి సినిమానే రాయిలా విసిరాను, తగలాల్సినవాడికి తగిలింది, ఇక దాన్ని వాడి వాకిట్లో పడుండనివ్వను అంది. నా వైపు తిరిగింది.

“మీ అక్క గల్ఫ్ వెళ్ళినప్పట్నించి మీ బావ రోజూ మీ అమ్మ గుమ్మం ముందు నీళ్ళడబ్బా పెట్టి, ఒక దగ్గు దగ్గి, ఎదురుపడకుండా వెళ్ళిపోతాడు కదా. ఆదివారం వాళ్ళిద్దర్నీ తీసుకురా తమ్ముడూ. హాలు మధ్యలో దుప్పటి కడతాను, ఒకరికొకరు కనపడరు. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్తాను. ఎలాగైనా తీసుకురా.”