చెయ్యి తిరగేసి ముట్టుకోవడం

నందికొట్కూరు దగ్గర మాకు అర ఎకరం పాలీహౌస్ ఉంది. అందులో మిరప నారు, టమోటా నారు పెంచి రైతులకు ఇస్తాం. అంతకుముందు ఎనిమిదేళ్లు కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఈ ఆఖరి వాక్యం రాయకుండా ఉంటే బాగుండునని నాకూ అనిపిస్తోంది. కానీ అది లేకపోతే నేను చేసినది తెలియక చేసిన తప్పులా కనబడుతుంది. అట్లా కనబడటానికి నాకు అర్హత లేదు.

పాలీహౌస్ అంటే చూడనివాళ్లకు చెప్తాను. ఇనప గొట్టాల మీద దళసరి ప్లాస్టిక్ కాగితం కప్పిన పెద్ద పందిరి అది. లోపల ఇనప బల్లల మీద నారు ట్రేలు ఉంటాయి. పైన సన్నని తుంపర చల్లే ఫాగర్లు, ఒక మూల వాటికి నీళ్లు తోసే మోటారు. నడవడానికి బేతంచెర్ల బండలు పరిపించాను. మా ఎండల్లో ఒక గంట తుంపర ఆగితే లేత మిరప నారు తలవాలుస్తుంది. అందుకని బండలు ఎప్పుడూ తడిగానే ఉండేవి, ఆ బండల మీద పనిచేసే ఆరుగురు ఆడవాళ్ల కాళ్లూ ఎప్పుడూ తడిగానే ఉండేవి.

వాళ్లు వట్టి కాళ్లతో ఉండటం నేను పెట్టిన పద్ధతే. బయటి మట్టితో నారుకు తెగుళ్లు వస్తాయని వాకిట్లో 'చెప్పులు బయట విడవవలెను' అని బోర్డు రాయించాను. వాళ్లు కిక్కురుమనలేదు. విత్తనం వేసేచోటికి, గింజల రాశి దగ్గరికి చెప్పులతో పోయే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు, నేను బోర్డు పెట్టకపోయినా విడిచేవాళ్లే. నాకు మాత్రం మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు ఉండేవి. అవి లోపల వాడటానికే కొన్నవి కాబట్టి తెగులు రాదని నా లెక్క. అట్లాంటివే ఇంకో ఆరు జతలు కొనవచ్చు కదా అన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో, ఏదన్నా తేడా వస్తే కరెంటు ఆపేసే ట్రిప్పు స్విచ్ మాటిమాటికీ పడటం మొదలైంది. మోటారు వేసిన పది నిమిషాలకు టక్కుమని పడేది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడేది. మా ఎలక్ట్రీషియన్ ఒక పెద్దాయన, భాయ్ అని పిలుస్తాను. ఆయన వచ్చి అంతా చూసి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"సార్, ఈ స్విచ్ చెడిపోయి పడ్తాలేదు. బాగా పనిచేస్తాండాది కాబట్టే పడ్తాండాది. మోటారులో నెమ్ము చేరి కరెంటు లీకవుతాండాది. మోటారు ఇప్పి ఎండబెట్టాల. రెండు దినాలు పడ్తాది."

"రెండు దినాలు తుంపర లేకుంటే నారంతా మాడిపోతాది భాయ్. ఈ పొద్దుకు ఆ స్విచ్ లేకుండా డైరెక్టు చేసి ఇయ్యి."

"నా చేత్తో నేను చెయ్యను సార్," అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన బండి రోడ్డెక్కకముందే నేను జానెడు వైరు ముక్క తీసుకుని, ట్రిప్పు స్విచ్ అవతల నుంచి ఇవతలికి కలిపేశాను. నాకు బాగా వచ్చిన పనే. రెండు రోజుల్లో తీసేద్దాం అనుకున్నాను. మోటారు ఆగకుండా తిరిగింది, నారు పచ్చగా లేచింది, వైరు ముక్క సంగతి నేను మరిచిపోయినట్టు నటించాను. ఎవరి ముందు నటించానో కూడా చెప్పాలి. నా ముందే.

వారం గడిచింది. ఆ ఆరుగురిలో పెద్దామె కోడలితో కలిసి కోసిగి వైపు నుంచి పనికి వలస వచ్చినామె. యాభై దాటి ఉంటాయి. మిగతావాళ్లు ఆమెను పెద్దక్క అనేవాళ్లు. ఒకరోజు పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నీళ్ల పైపు ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటాండాది."

నేను బూట్లతో గబగబా లోపలికి పోయాను. అందరూ చూస్తుండగా మోటారు పక్కనున్న ఇనప పైపును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఏమీ కాలేదు. అంత దళసరి రబ్బరు మీద నిలబడితే ఏమవుతుంది?

"ఏదీ? ఏముండాది ఈడ? నీకు నరాల బలహీనత ఉన్నట్టుండాది పెద్దక్కా, టానిక్కు తాగు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి, "అంతే అయ్యుంటాది సార్," అని పనిలోకి పోయింది. కాలేజీలో పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠాల్లో ఇది ఒకటి. కాళ్ల కింద ఏముందో చూసుకోండిరా, కరెంటు మీ ఒంట్లోంచి నేలకు దారి వెతుక్కుంటుంది అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఆ పూట నా కాళ్ల కింద ఏముందో నేను చూసుకోలేదు. చూసుకోవాలని లేదు కాబట్టి చూసుకోలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున నాకు ఒక చిరాకు మొదలైంది. నేను మోటారు వేసేసరికి ఆడవాళ్లు లోపలికి పోకుండా వాకిట్లోనే నిలబడేవాళ్లు. కోడలు వాకిటి గోడకున్న మెయిన్ స్విచ్ పక్కన ఊరికే ఆనుకుని ఉండేది. పెద్దక్క ఒక్కతే లోపలికి పోయి, పైపు దగ్గర వంగి, కాసేపు అక్కడే ఉండి, తర్వాత వాల్వు తిప్పి, "రాండమ్మా" అని పిలిచేది. పని ఎగ్గొట్టడానికి కొత్త ఎత్తు వేశారనుకున్నాను.

"ఏం పెద్దక్కా, పొద్దున్నే మోటారుకు దండం పెట్టుకుంటాండావా?" అని ఎగతాళి చేశాను.

"అవును సార్," అంది.

ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున నేను మోటారు వేసి, వాకిట్లో ట్రేలు లెక్కపెడుతున్నాను. లోపల ధబ్బుమని చప్పుడైంది. నేను తల ఎత్తేలోపే మోటారు మోత ఆగిపోయింది. కోడలు మెయిన్ కిందికి లాగేసి, "అత్తా!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తింది. నేను ఆమె వెనక పోయాను. పెద్దక్క ఇనప బల్ల పక్కన కింద పడి ఉంది. మీద నాలుగు ట్రేల నారు ఒలికిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మాట రాలేదు. కుడిచేతి మెటికల మీద చర్మం కమిలి తెల్లబడింది.

కారులో కర్నూలుకు తీసుకుపోయాం. దారిలో ఆమెకు మాట వచ్చింది, నీళ్లు అడిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమైందని అడిగింది.

"బండలు తడిగా ఉన్నాయండీ. కాలు జారి పడింది," అన్నాను.

చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. స్ట్రెచర్ మీద నుంచి పెద్దక్క నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆమె కళ్లలో ఆశ్చర్యం కూడా లేదు.

"జారి పడల్యా. కరెంటు కొట్టినాది," అంది కోడలు, నా వైపు చూడకుండా.

డాక్టరమ్మ రాయడం ఆపి నా వైపు తిరిగింది. "కరెంటు దెబ్బ అయితే గుండె చూడాలి. ఆ మాట దాస్తే ఎట్లా?" అని, ఈసీజీకి పంపించింది. నేను కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. అప్పుడు కూడా, నిజం బయటపడిందనే సిగ్గుపడ్డాను గానీ అబద్ధం ఆడినందుకు కాదు. ఆ సిగ్గు తర్వాత వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

గుండెకు ఏమీ కాలేదు. భుజం ఎముక విరిగింది. వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు కోడలిని అడిగాను, మెయిన్ అంత తొందరగా ఎట్లా ఆపగలిగావని.

"దినామూ ఆడనే కదా సార్ నిలబడేది," అంది. "మా అత్త లోపలికి పోయి పైపు ముట్టుకుంటాది. ఏమన్నా అయితే నేను ఆపాల. నువ్వు టానిక్కు తాగమన్న దినం నుంచి ఇట్లే చేస్తాండాము."

"నాకు మళ్లీ చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్తే నవ్వితివి కదా."

ఆమే తన చెయ్యి తిరగేసి, మెటికల వైపు చూపిస్తూ అంది. "అరచేత్తో ముట్టుకుంటే పట్టుకుంటాది, ఇడవదు సార్. చెయ్యి తిరగేసి ముట్టుకుంటే ఇసిరి కొడ్తాది. మా మామ బోరు కాడ పైపు అరచేత్తో పట్టుకొని పానం ఇడిచె. అప్పట్నుంచి అత్త చెయ్యి తిరగేసే ముడ్తాది. మేమెవరన్నా ముందు పోతామంటే, చిన్న పిల్లోల్ల తల్లులు, మీరొద్దు అనె."

నేను పనిచెయ్యనివ్వని స్విచ్ జాగాలో ఆ అత్తాకోడళ్లు ఇద్దరూ రోజూ నిలబడ్డారు. నేను వాళ్లను సోమరులనుకున్నాను.

మర్నాడు భాయ్ దగ్గరికి పోయి నా నోటితోనే అంతా చెప్పాను. ఆయన వచ్చి ఆ వైరు ముక్కను విప్పి నా చేతిలో పెట్టాడు. మోటారు మార్చాడు. బొగ్గు, ఉప్పు పోసి గుంతలో కొత్తగా ఎర్తింగ్ వేశాడు. స్టార్టరు, మెయిన్ రెండూ వాకిట్లోనే తుంపర తగలని పెట్టెలో బిగించాడు. ట్రిప్పు స్విచ్ కొత్తది పెట్టి, దాని మీద చిన్న మీట చూపించి, నెలకోసారి నొక్కి చూడమన్నాడు. అంతా కలిపి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ బక్కెట్లతో నీళ్లు తెచ్చి చేత్తో చల్లాం. నారు మాడిపోలేదు.

ఆరుగురికీ బూట్లు కొనబోతే వాళ్ల కాళ్ల కొలతలు నాకు తెలియవు. కాగితం పరిచి ఒక్కొక్కరి పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను.

భుజం అతుక్కున్నాక, టమోటా నారు వేసే రోజుల్లో పెద్దక్క మళ్లీ వచ్చింది. ఆమెను పెట్టె దగ్గరికి తీసుకుపోయి మీట నొక్కాను. స్విచ్ టక్కుమని పడింది. ఇక భయం లేదని, ఇట్లా ఇట్లా పనిచేస్తుందని పాఠంలా చెప్పాను. శ్రద్ధగా విని, "బాగుండాది సార్," అంది. నిన్ను చూసి నవ్వినందుకు, ఆసుపత్రిలో అబద్ధం ఆడినందుకు తప్పయిందన్నాను. ఆమె పెట్టె తలుపు మూసి, నారు ట్రేల దగ్గరికి పోయింది.

ఇప్పుడు పొద్దున మోటారు వేశాక ముందు నేనే లోపలికి పోతాను. బూట్లు విప్పి, తడి బండల మీద వట్టి కాళ్లతో నిలబడి, చెయ్యి తిరగేసి పైపు ముట్టుకుంటాను. రోజూ భయమేస్తుంది. నేను ముట్టుకుని పక్కకు జరిగాక పెద్దక్క వస్తుంది. కోడలు వాకిట్లో మెయిన్ మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉంటుంది. పెద్దక్క తన బూట్లు కూడా విప్పి పక్కన పెట్టి, చెయ్యి తిరగేసి, తను మళ్లీ ముట్టుకుంటుంది. అప్పుడే మిగతావాళ్లను లోపలికి పిలుస్తుంది.