నల్లదారంతో నాలుగో వరస

నళినికి ఓపిక ఎక్కువని మా ఊరి తెలుగువాళ్ళం అందరం అనేవాళ్ళం. అది ఓపిక కాదు, అలసట. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఏడేళ్ళు పట్టింది.

ఒహాయోలో మా ఊరి మ్యూజియంలో ఆమె పనిచేసేది. పూర్వం ఇక్కడి ఆడపిల్లలు గుడ్డమీద అక్షరాలు, అంకెలు కుడుతూ కుట్టుపని నేర్చుకునేవారట. శాంప్లర్లు అంటారు. పెద్దయ్యాక అదే చేత్తో ఇంటిల్లిపాది పేర్లు, పుట్టిన తేదీలు కుట్టేవారు. పోయినవాళ్ళ తేదీలు నల్లదారంతో. మరకలు పట్టిన ఆ గుడ్డల వెనక అట్టలు విడదీసి, తెగిన దారాల్ని సన్నటి పోగులతో నిలబెట్టడం నళిని పని. సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్ళు మండేవి. అయినా మానేదికాదు.

1984 మార్చిలో ఓ రోజు ఫోన్ చేసి మ్యూజియంకి రమ్మంది. బల్లమీద నూటయాభై ఏళ్ళనాటి శాంప్లర్. ఎవరో తల్లి కుట్టింది. ఆరుగురు పిల్లలు. నాలుగో వరసలో పేరు లేదు. "ఆడశిశువు, తొమ్మిది రోజులు" అని మాత్రం ఇంగ్లీషులో నల్లగా ఉంది.

"తొమ్మిదే అక్కా," అంది నళిని.

1977లో నళినికి పుట్టిన పాప కూడా తొమ్మిది రోజులే బతికింది. గుండెలో లోపం. పుట్టగానే ఆస్పత్రివాళ్ళు పేరు అడిగారు. బారసాల కాకుండా పేరేమిటని ఆమె భర్త రాజగోపాల్ గారు "బేబీ గర్ల్" అని రాయించారు. ఇరవైఒకటో రోజు బారసాలకి పిలుపులు కూడా అయిపోయాయి. పాప ఆగలేదు. ఆ బిడ్డకి తద్దినం లేదు, ఫోటో లేదు, ఇంట్లో ఊసే లేదు. ఉయ్యాల ఎవరికో ఇచ్చేశారు. నేనూ తక్కువ తినలేదు. చిన్నదానివి, మళ్ళీ పుడతారులే అన్నాను. పుట్టలేదు. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ నెలంతా నళిని ఇంట్లో ఓ గుడ్డ కుట్టింది. మన అక్షరాలు గుండ్రం, గళ్ళలో ఓ పట్టాన ఒదగవు. కుట్టడం, విప్పడం. పైన ఇద్దరి పేర్లు, పెళ్ళి తేదీ. కింద నల్లదారంతో రెండు తేదీలు. వాటి ముందు ఖాళీ. దాన్ని భోజనాల బల్లమీదే వదిలేసింది. రాజగోపాల్ గారు వారంరోజులపాటు దాని పక్కనే కూర్చుని కాఫీ తాగారు, పేపర్ చదివారు. ఆదివారం నేను వాళ్ళింట్లో ఉండగా అడిగారు, ఆ ఖాళీ ఎందుకని.

"బియ్యంలో పేరు రాయాల్సింది తండ్రి కదండీ," అంది నళిని. "మీరు రాయకుండా నేనెలా కుట్టను?"

ఆయన లేచి పళ్ళెంలో బియ్యం పోసుకొచ్చారు. వేలి ఉంగరం బిగుసుకుపోతే సబ్బు రాసి తీశారు. దాంతో బియ్యంలో "గౌరి" అని రాశారు. అప్పట్లో అనుకున్న పేరే. మర్చిపోలేదన్నమాట. అక్కడ ఆగిపోయారు. రాశాక బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి.

నళిని గుడ్డ తీసి ఒళ్ళో పరుచుకుంది. ఆయన వంగి, ఆ ఖాళీ దగ్గర రెండుసార్లు పిలిచారు. మూడోసారి నళినే పిలిచింది.

నేను సూదిలో నల్లదారం ఎక్కించి ఇచ్చాను.