వేట పుస్తకంలో ఆఖరి వరుస

నేను చదివింది ఏడో తరగతి వరకే. ఆ ఏడో తరగతి తెలుగుతోనే కువైట్‌లో ఒక ముసలాయన వేట సంగతులన్నీ రాసినానంటే మా రాయచోటి పక్క ఎవరూ నమ్మరు. ఈడ కువైట్‌లోనే మహబూలాలో ఉండే మా ఊరోళ్ళయితే పడీ పడీ నవ్వినారు. నవ్వితే నవ్వనీ. ఆరు నోటుపుస్తకాలు ఆయన గదిలో అలమరలో ఉండాయి, వచ్చి చూసుకోమనండి.

నేను పని చేసే ఇంటి పెద్దాయన్ని బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. బాబాకి వేటంటే ప్రాణం. చలికాలం వస్తే చాలు, డేగను చేతి మీద పెట్టుకోని కొడుకులతో ఎడారికి బయలుదేరేవాడు. వయసులో ఉన్నప్పటి నుంచి ప్రతి వేటకీ ఒక పేజీ రాసుకునే అలవాటు ఆయనకి. యాడికి పోయినాం, గాలి ఎటు నుంచి వీచింది, ఎవరెవరు వచ్చినారు, ఏం దొరికింది. అన్నిటికన్నా కింద, ఆఖరి వరుసలో, ఆ రోజు తాను చేసిన తప్పు. వేట బాగా పడిన రోజు కూడా ఆ వరుస ఖాళీగా వదిలేది లేదు.

చక్కెర జబ్బుతో చూపు పోయినాక కూడా ఎడారికి పోయేది మానలేదు. కారు అద్దం దించుకోని కూర్చోని గాలి ఎటుందో చెప్తాడంట. రాసుకునేదే ఆగిపోయింది. కొడుకులకి తీరిక లేదు, మనవళ్ళకి చేతిలో ఫోను ఉంటే లోకంతో పనే లేదు. ఒక సాయంత్రం నమాజు అయినాక కాఫీ తీసకపోతే, "కూర్చో, రాయి" అన్నాడు.

"నాకు అరబ్బీ రాయను రాదు బాబా."

"మీ దేశం రాత వస్తుందా?"

"వస్తుంది."

"దాంట్లోనే రాయి. యల్లా, కానియ్."

ఆయన అరబ్బీలో చెప్పేది, నేను తెలుగు అక్షరాల్లో పెట్టేది. హవా షమాల్ అంటే ఉత్తరపు గాలి. ఆఖరి వరుస ఎప్పుడూ 'గల్తితీ' అని మొదలయ్యేది, నా తప్పు అని. మొదట్లో సగం మాటలకి నాకు అర్థమే తెలీదు. రాయడం అయినాక చదవమనేవాడు. బడిలో పద్యం అప్పజెప్పినట్టు చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకోని, తల ఊపుతా వినేవాడు. మనవళ్ళు తలుపు కాడ నిలబడి పొట్టలు పట్టుకోని నవ్వేవాళ్ళు. మామాకి మాత్రం ఒళ్ళు మండేది. "ఉల్లిగడ్డలు ఎవరు కోస్తారు, డేగ వచ్చి కోస్తుందా?" అని వంటింట్లో నుంచి అరిచేది.

కొత్త వేటలు అయిపోయినాక పాతవి కూడా గుర్తున్నంత వరకు మళ్ళా చెప్పి రాయించినాడు. వాటిలో ఒకటి నాకు చూడకుండా వస్తుంది. "కొత్త డేగ. మూడో రోజు. తొందరపడి దాని కళ్ళలోకి చూసినా. బెదిరి చెయ్యి రక్కింది. నా తప్పు. చేతిలో మాంసం పెట్టుకోని పక్కకి తిరిగి కూర్చోవల్సింది."

అది రాస్తా రాస్తా ఆగిపోయినా. నా కుడి చేతి మీద కూడా ఒక మచ్చ ఉండాది. అది నా బిడ్డ కొరికిన మచ్చ.

పాపకి రెండేండ్లప్పుడు వాళ్ళ నాయన మమ్మల్ని వదిలేసి పోయినాడు. పాపని మా అక్క చేతిలో పెట్టి నేను ఈడికి వచ్చినా. రెండేండ్లకొకసారి రెండు నెలలు సెలవు. మొదటిసారి పోయినప్పుడు దానికి నాలుగేండ్లు. ఆటో ఆగకముందే దూకినా, పరిగెత్తి ఎత్తుకున్నా, ముద్దులు పెట్టినా. అది కెవ్వున అరిచి చెయ్యి కొరికి, మా అక్క కొంగులో దూరింది. మా అక్కను అమ్మా అని పిలుస్తుంది. అక్క పిల్లలు నన్ను చిన్నమ్మా అంటారు గదా, ఇదీ అట్లనే చిన్నమ్మా అంటుంది. ఎవరిని తిట్టేది? అక్క దాన్ని కన్నబిడ్డ కంటే ఎక్కువ చూసుకుంది. అయినా నా కడుపు రగిలిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పేది.

రెండో సెలవు నుంచి తిరిగి వచ్చిన రోజు బాబా నన్ను పిలిచి, "మీ దేశం పోయినావు. ఏం దొరికింది?" అన్నాడు. ఏడుపు వచ్చింది. ఆయన తడుముకుంటా సొరుగులో నుంచి ఒక కొత్త నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టినాడు. "ఏడ్చేది తర్వాత. ముందర రాయి. రాసుకోకపోతే వచ్చేసారి కూడా అదే తప్పు చేస్తావు."

అట్లా మొదలయింది నా పుస్తకం. "పాపకి ఆరేండ్లు. తీసకపోయింది: బొమ్మ, చాక్లెట్లు, రెండు గౌన్లు. దొరికింది: గౌను వేసుకోని ఒకసారి చూపించింది. తప్పు: పోయిన రోజే తల దువ్వుతా రమ్మని చెయ్యి పట్టి గుంజినా."

ఎనిమిదేండ్లప్పటిది ఇంకా ఘోరం. "తప్పు: అందరి ముందర, నీ అమ్మ ఎవరో చెప్పు అని నిలదీసినా. పాప అక్క మొహం చూసింది. అక్క ఏడ్చింది. పాప ఆ దినమంతా అన్నం తినలేదు." ఇది రాసేటప్పుడు నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

మధ్యలో ఫోన్లు ఉండనే ఉండాయి. వీడియోలో మొహం కనపడుతుంది, "ఆఁ బాగుండా" అంటుంది, పారిపోతుంది. ఫోనులో దాని పరికిణీ కొస మాత్రం కనపడతా ఉంటుంది. ఆ కొసనే చూస్తా కూర్చునేదాన్ని.

మొన్న నాలుగో సెలవుకి పోయినప్పుడు పాపకి పదేండ్లు. పోయే ముందర పుస్తకమంతా మళ్ళా చదువుకున్నా. ఈసారి ఉరకలేదు, ఎత్తుకోలేదు, తెచ్చినవి పెట్టె మీద పెట్టి ఊరుకున్నా. పొద్దున పూట మెట్ల మీద కూర్చోని, పక్కకి తిరిగి, విత్తనానికి చెనక్కాయలు ఒలిచేదాన్ని. అక్కకి ఇది అంతు పట్టలేదు.

"ఏందిమే, కన్నబిడ్డని ఇడిసిపెట్టి చెనక్కాయల మొహం చూస్తాండావు?"

"ఊరకుండక్కా, నీకు తెలీదు" అన్నా.

ఎనిమిది రోజులు పాప నా వైపు రాలేదు. ఎనిమిది రోజులు కాదు, ఎనిమిది యుగాలు. తొమ్మిదో రోజు వచ్చి రెండు మెట్లు కింద కూర్చోని, చాటలో నుంచి గుప్పెడు కాయలు తీసుకుంది. నేను తల తిప్పలేదు. రోజుకొక మెట్టు ఎక్కింది. ఆఖరికి పక్కన కూర్చోని, "ఆడ ఏం చేస్తావు చిన్నమ్మా?" అన్నది.

వంట, గిన్నెలు అని చెప్పలేదు. డేగల సంగతి చెప్పినా, బాబా పుస్తకాలు చెప్పినా, ఆఖరి వరుసలో తప్పు రాసేది చెప్పినా. దాని కళ్ళు ఇంతింతయినాయి. "నీకూ పుస్తకం ఉందా? చూపీ" అన్నది. నేను బెదిరిపోయినా. దాని దగ్గర నేను చేసిన తప్పులన్నీ అందులోనే ఉండాయి గదా! "పో పోవే, అందులో ఏముంటుంది నీకు" అని పుస్తకాన్ని పెట్టెలో బట్టల అడుగున తోసేసినా. పాప మొహం చిన్నబోయింది. లేచి వెళ్ళిపోయింది. ఎక్కి వచ్చిన మెట్లన్నీ దిగిపోయినట్టే అనుకున్నా.

తిరుగు ప్రయాణం దినం అందరూ ఆటో దాకా వచ్చినారు, పాప రాలేదు. పేరు పెట్టి పిలిచినా. ఇంట్లో నుంచి చప్పుడు లేదు. పైగా నేను రోజూ కప్పుకునే నీలం చున్నీ కూడా కనపడలేదు. చెన్నైకి పోయే బస్సులో బ్యాగంతా వెతికినా. అదొక సాకు, నిజానికి ఏడ్చింది చున్నీ కోసం కాదు.

కువైట్‌లో దిగిన మరుసటి సాయంత్రమే బాబా పిలిచినాడు. ఈ మధ్య మంచం దిగడం లేదు. గొంతు కూడా సన్నగయింది. "ఏం దొరికింది? రాసినావా?" అన్నాడు. ఇంకా లేదు బాబా, నీ ముందరే రాస్తా అని పుస్తకం తెచ్చుకున్నా. ఏం రాయాలో ముందే అనుకోని ఉన్నా. తప్పు: పుస్తకం అడిగితే కసురుకున్నా.

పేజీ తిప్పితే అప్పటికే రాసి ఉండాది. పెన్సిలుతో, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు.

"ఏం రాసినావు?" అన్నాడు బాబా. "నేను కాదు బాబా, పాప" అన్నా. ఆయన మంచం మీద లేచి కూర్చునే దానికి చూసినాడు. దిండు సర్ది కూర్చోబెట్టినా. చదవమన్నాడు. ఒక్కో వరుస తెలుగులో చదివి, నాకొచ్చిన అరబ్బీలో చెప్పినా.

"యాడ: మన ఇంట్లో. గాలి: లేదు, ఉక్క. ఎవరు: నేను, అమ్మ. దొరికింది: అమ్మ నీలం చున్నీ. అడక్కుండా తీసుకున్నా."

చదివేది ఆపి మళ్ళా పై వరుసలు చూసుకున్నా. చిన్నమ్మ కాదు, అమ్మ. నాలుగు వరుసల్లో రెండుసార్లు ఉండాది ఆ మాట. బాబాకి అదేమీ తెలీదు, చెయ్యి చాపి మంచం పట్టె మీద తట్టినాడు. "తర్వాత? గల్తా ఏంది?"

"తప్పు: పుస్తకం దొంగగా చదివినా. రేపు నువ్వు పోయేటప్పుడు బయటికి రాను. వస్తే ఏడుస్తా."

బాబా ఆ పేజీని వేళ్ళతో తడిమినాడు. "కొట్టెయ్" అన్నాడు ఆఖరికి. "చిన్నబిడ్డ. దానికి తప్పు రాయగూడదు. ఆ వరుస కొట్టెయ్."

ఆరు పుస్తకాల్లో ఒక్క తప్పు కూడా కొట్టెయ్యమని చెప్పలేదు ఆయన. నేను కొట్టేసినా అని అబద్ధం చెప్పినా. ఆయనకి కనపడదు గదా. నా బిడ్డ నాకు రాసింది ఈ లోకంలో ఆ పేజీ ఒక్కటే. ఇంకా ఇరవై రెండు నెలలు ఉండాది సెలవుకి. దాంట్లో ఒక్క అక్షరం కూడా పోనియ్యను.