రిమ్ముకు రాసిన నూనె

వారంలో ఆరు రోజులు ఒళ్లు వంచి పనిచేసినవాడు ఏడో రోజు పడుకుంటాడని అనుకునేవాణ్ని. సౌదీలో, తాయిఫ్ అనే కొండ ఊళ్లో ఆ నమ్మకం పోయింది. ఏసీ కార్లున్న మనుషులు సెలవు రోజున పొద్దున్నే లేచి, ముఖానికి తెల్ల క్రీము పట్టించుకుని, సైకిళ్ల మీద కొండ ఎక్కుతారు. ఎక్కి, మళ్లీ అదే కొండ దిగుతారు. పైన వాళ్లకి గుడీ లేదు, చుట్టాలూ లేరు. ఎందుకయ్యా అంటే హాయిగా ఉంటుందట. వాళ్ల హాయి వెనకాల నాలుగేళ్లు వ్యాన్‌లో కూర్చుని తిరిగాను. ఒళ్లో పంపు, కాళ్ల దగ్గర స్పానర్ల పెట్టె. నాకు మాత్రం ఆ కొండల్లో ఏ తోట చూసినా దాని నీడలో కాసేపు పడుకోవాలనే అనిపించేది.

నేను సౌదీకి పోయింది కువైట్ యుద్ధానికి కొన్ని నెలల ముందు. నిజామాబాద్ జిల్లాలో అద్దె సైకిళ్ల షాపులో పదేళ్లు పనిచేసినవాణ్ని, కాగితాల మీద ప్లంబర్నయ్యాను. యుద్ధం నడిచినన్నాళ్లూ మా క్యాంపు మీద విమానాల మోతే. గ్యాస్ వస్తే తడి తువ్వాల ముఖానికి కట్టుకోమన్నారు. తువ్వాల తడిపి పక్కన పెట్టుకునేవాళ్లం, అది ఊరికే ఆరిపోయేది, మళ్లీ తడిపేవాళ్లం. గ్యాస్ రాలేదు. మనుషులు మాత్రం భయపడి, పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇళ్లకు పోయారు. వాళ్ల పని కూడా మిగిలినవాళ్ల మెడకే పడింది. అప్పుడు పట్టుకున్న అలసట మళ్లీ నన్ను వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదని నా భార్య అంటుంది, ఆమె మాట నిజమే.

యుద్ధం అయ్యాక మా కంపెనీకి ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. ఇంజనీరును అక్కడ ముహందిస్ అంటారు, ఆయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్లు. సొంత దేశం సైప్రస్. మధ్యధరా సముద్రంలో ఒక దీవి అని ఆయనే నేల మీద గీసి చూపించాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు మాడిన ముఖం. జెద్దా ఓడరేవు నుంచి గేరు సైకిళ్లు ఎనిమిది పెట్టెల్లో తెప్పించాడు. కాంపౌండు గోడల మధ్య విసిగిపోయిన విదేశీ ఆఫీసర్లను వెంటేసుకుని గురు, శుక్రవారాల్లో షఫా కొండలకు తీసుకుపోయేవాడు. పెద్ద సెలవులొస్తే జెద్దా నుంచి కూడా జనం వచ్చేవాళ్లు, మూడేసి రోజులు తిరిగేవాళ్లు. దానిమ్మ తోటలు, ద్రాక్ష పందిళ్లు, రోడ్డు పక్కన కోతులు. ముందు ఆయన, మధ్యలో వాళ్లు, చివర మా వ్యాన్.

వ్యాన్ నడిపేది హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నాకు భాయ్. జెద్దా వాళ్లను తేవడానికి పోయినప్పుడల్లా నన్ను ఆటపట్టించేవాడు. ముస్లింలు కానివాళ్లు మక్కాలోకి పోకూడదు కాబట్టి, చుట్టూ తిరిగి వేరే దారిలో పోవాలి.

"నా ఒక్కనికైతే గంటన్నర దారి. నీ అసొంటోళ్లు బండిల ఉంటే ఎడారంత తిరగాలె," అనేవాడు.

ప్లంబింగ్ నుంచి నన్ను సైకిళ్లకు మార్చింది ముహందిసే. ఒకరోజు ఆయన తన సైకిల్ గొలుసు ఊడిపోయి తంటాలు పడుతుంటే, పైపు బిగిస్తున్న నేను వెళ్లి చేత్తో ఎక్కించేశాను. ఆయన నా చేతుల వైపు అదోలా చూసి, షుక్రన్ అన్నాడు, థాంక్స్ అని. వారం తిరగకుండా సైకిళ్ల స్టోరు తాళంచెవి నా జేబులో ఉంది. నన్ను సదీక్ అనేవాడు. స్నేహితుడా అని. అక్కడ కూలివాళ్లందర్నీ అలాగే పిలుస్తారు గానీ, ఆయన నోట్లో ఆ మాటకు అర్థం ఉండేది.

నాకు వచ్చిన పనే ఆయన మళ్లీ మొదట్నుంచి నేర్పాడు. ఆ సైకిళ్ల బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టుకుంటాయి. అందుకని రిమ్మును వట్టి వేలితో కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. వేలి జిడ్డు చాలు బ్రేకు జారడానికి అనేవాడు. ప్రతి ట్రిప్పుకు ముందు స్పిరిటు గుడ్డతో తుడవాలి. చక్రం తిప్పి బ్రేకు నొక్కి చూడాలి. కొన్నాళ్లకు నేనే దొరలను కసిరేవాణ్ని, రిమ్ము ముట్టుకోవద్దని.

ఆయనకు ఒకే ఒక కోరిక. కాంట్రాక్టు అయిపోగానే వాళ్ల దీవికి పోయి, చలి దేశాల నుంచి ఎండ కోసం వచ్చేవాళ్లను పదేసి మంది చొప్పున వారం రోజులు సైకిళ్ల మీద తిప్పాలి. అదే ఆయన ముసలితనపు బతుకుతెరువు, అదే సంబరం. సముద్రం ఒడ్డున షాపుకు గది కూడా వాళ్ల తమ్ముడు చూసి పెట్టాడు.

"ముందు నేను, వెనక వ్యాన్లో నువ్వు," అన్నాడొకసారి.

"నాకొద్దు ముహందిస్. అక్కడా కొండలే అంటున్నావు. నాకు నిద్ర కావాలి," అన్నాను. పడీ పడీ నవ్వాడు.

ఒక్క దిగులుండేది ఆయనకు. చేతివేళ్లు అప్పుడప్పుడు తిమ్మిరెక్కేవి. దిగుడులో అందరికన్నా ముందు పోయేవాడు సమయానికి బ్రేకు వేయాలి, వాణ్ని చూసి వెనకవాళ్లు వేస్తారు, పది మంది ప్రాణాలు ఆ వేళ్లలో ఉంటాయి అనేవాడు. వేళ్లు ముడిచి, తెరిచి చూసుకునేవాడు. వయసు తప్ప వేరే జబ్బు లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు.

నాలుగో ఏడు దసరా పండగ సరిగ్గా ఒక కొండ ట్రిప్పుకు ముందు రోజు పడింది. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలో నా భార్య తారీఖు రాసింది. మా షాపులో దసరా అంటే ఇరవై సైకిళ్లూ కిరసనాయిలుతో కడిగి, ఒక్కో రిమ్ముకూ కొబ్బరినూనె పట్టించి, అందులో ముఖం కనిపించేదాకా రుద్ది, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లం. బ్రేకుల సంగతి ఎవడికి పట్టింది? సగం బండ్లకు అవి ఉండేవే కాదు, కాలు నేలకు ఆనిస్తే ఆగేవి.

సౌదీలో అదంతా కుదరదు. పూజ పట్టుబడితే సామాను వెతుకుతారు, మనిషిని ఊరికి పంపేస్తారు. ఏళ్ల తరబడి పండగలన్నీ మనసులోనే చేసుకుని ఊరుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం ఊరుకోలేకపోయాను. స్టోరు తలుపు గడియ పెట్టి, ఎనిమిదింటి తరఫున ఒక్కటి చాలనుకుని, ముహందిస్ సైకిల్ తీశాను. సీటు అడుగున, ఎవరికీ కనపడని చోట పసుపు బొట్టు పెట్టాను. తలకు రాసుకునే కొబ్బరినూనె రెండు చుక్కలు గుడ్డ మీద పోసి రెండు రిమ్ములూ తుడిచాను. రిమ్ములో నా ముఖం కనిపించింది. పొద్దున స్పిరిటు పెట్టి తుడిచేద్దాం అనుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట నాకు ఒంట్లో తేలిగ్గా అనిపించింది.

పొద్దున జెద్దా వాళ్లు చెప్పిన టైముకన్నా ముందే దిగారు. ఒకరి టైరులో గాలి లేదు, ఒకరి సీటు ఎత్తు కుదరలేదు, ఒకావిడ గేరు పడటం లేదంది. చుట్టూ చేరి తలా ఒకటి అడిగారు. ఆ హడావిడిలో ముహందిస్ తన సైకిల్ తానే తీసుకుని ముందు కదిలిపోయాడు. నేను స్పిరిటు సంగతి మరిచిపోయాను.

ఎక్కుడులో బ్రేకుతో పనిలేదు. పైన టీ తాగారు, దానిమ్మలు కొనుక్కున్నారు. తర్వాత దిగుడు మొదలైంది. పై మలుపులో ఉన్న మా వ్యాన్లోంచి కింది మలుపు కనిపిస్తోంది. ముహందిస్ నెమ్మదించాల్సిన చోట నెమ్మదించలేదు. ఒక కాలు కిందికి జాపాడు.

"అరే, ఈ సాబ్ ఆపుతలేడేంది?" అన్నాడు భాయ్.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన కంకరలోకి జారి, రోడ్డు వారగా ఉన్న పిట్టగోడకు కొట్టుకుని పడ్డాడు.

మేం చేరేసరికి లేచి కూర్చుని ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు. మెడ కింద ఎముక విరిగింది. అందరూ ఆయన చుట్టూ మూగారు. నేను సైకిల్ లేపి రిమ్ము మీద వేలు పెట్టాను. నల్లటి జిడ్డు అంటింది. అందరూ అటు చూస్తుండగా, పెట్టెలోంచి స్పిరిటు గుడ్డ తీసి రెండు రిమ్ములూ శుభ్రంగా తుడిచేశాను. వట్టి భయంతో చేసిన పని అది. దానికి వేరే పేరు పెట్టను.

ఆసుపత్రి బయట భాయ్‌కి ఒక్కడికే చెప్పాను. తల పట్టుకుని కూలబడ్డాడు.

"చుప్ ఉండు. పూజ గీజ అన్న మాట నీ నోట్ల నుంచి రావద్దు. నిన్ను పంపిస్తరు, తెలిసి చెప్పలేదని నన్ను గూడ పంపిస్తరు. నా ఇంట్ల తినే నోళ్లు ఏడు," అన్నాడు.

పది రోజులకు ముహందిస్ చేతికి పట్టీతో స్టోరుకు వచ్చాడు. మా ఇద్దరిదీ విరిగిన ఇంగ్లీషు, మధ్యలో అరబ్బీ. అయినా ఆ రోజు ప్రతి ముక్కా అర్థమైంది.

"సదీక్, నిజం చెప్పు. నొక్కాను, నొక్కాను, ఏమీ కాలేదు. బ్రేకు తప్పా, నా చేయి తప్పా?"

సైకిల్ తిరగేసి చక్రం తిప్పమన్నాడు. తిప్పాను. నొక్కమన్నాడు. నొక్కాను. చక్రం టక్కున ఆగింది.

"మళ్లీ," అన్నాడు.

మళ్లీ ఆగింది. అప్పుడు పట్టీలోంచి వేళ్లు బయటికి చాపి తనే నొక్కాడు. ఎముక విరిగి పది రోజులైన చేయి, ఎక్కడి బలం ఉంటుంది? చక్రం తిరుగుతూనే ఉంది.

"చూశావా," అన్నాడు.

ఒక్క మాట చెబితే ఆ మనిషి చేతులు ఆయనకు తిరిగొచ్చేవి. నూనె అంటే చాలు. "బ్రేకు బాగుంది ముహందిస్," అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆయన మళ్లీ సైకిల్ ఎక్కలేదు. ఎముక అతుక్కుంది గానీ, వేళ్లు ముడిచి తెరిచి చూసుకోవడం ఎక్కువైంది. గది వద్దని తమ్ముడికి ఉత్తరం రాశానని భాయ్‌తో చెప్పాడట. ఇంట్లో కూర్చుని టీవీ చూస్తాను, నా ఈడువాళ్లు చేసే పని అదే కదా అన్నాడట. కొండ ట్రిప్పులు ఆగిపోయాయి. నేను మళ్లీ పైపుల కిందికి దూరాను. సైకిళ్ల పని లేదు కాబట్టి నాకు ఎగ్జిట్ కొడతారని క్యాంపులో మాట పుట్టింది. ఆ రోజుల్లో నాకు తిన్నది ఒంటపట్టలేదు. పొద్దున లేస్తూనే అలసిపోయి ఉండేవాణ్ని.

నాలుగు నెలలకు ఆయన కాంట్రాక్టు అయిపోయింది. వెళ్లే రోజు ఆఫీసు ముందు వ్యాన్ సిద్ధంగా ఉంది, మా మేనేజరు, అంటే ముదీర్, సాగనంపడానికి బయట నిలబడ్డాడు. ఏమైనా కానీ అనుకున్నాను. సామాను ఎక్కిస్తూ ఆయన దగ్గరగా జరిగాను.

"ముహందిస్, నీ చేయి బాగానే ఉంది. ఆ రోజు రిమ్ముకు నూనె ఉంది. నేనే రాశాను. తర్వాత నేనే తుడిచాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కళ్లలో ఒక్క క్షణం ఏదో కదిలింది.

"నువ్వా? వేలు పెడితేనే కసిరేవాడివి. నూనె ఎందుకు రాస్తావు?"

ముదీర్ మూడు అడుగుల దూరంలో ఉన్నాడు. డ్రైవర్ సీట్లో భాయ్ స్టీరింగ్ పట్టుకుని తల వంచుకున్నాడు. ఎందుకు రాశానో చెప్పడానికి ఒకటే మాట ఉంది, అది ఆ వాకిట్లో అనగలిగే మాట కాదు. ఆయన జవాబు కోసం ఆగాడు. నేను ఆయన పెట్టెను వ్యాన్లోకి తోశాను.

మెల్లగా నవ్వాడు. నా భుజం తట్టాడు. "నువ్వు మంచివాడివి సదీక్. నా కోసం అబద్ధం ఆడకు," అన్నాడు. వ్యాన్ ఎక్కాడు.

జెద్దాలో ఆయన్ని దింపి వచ్చిన భాయ్ రెండు రోజులు నాకు కనపడకుండా తిరిగాడు. మూడో రోజు, "దారి పొడుగున చెప్పాలె అనుకున్న. నాతోని గూడ కాలే," అన్నాడు. అంతే.

మరుసటి శనివారం ముదీర్ మమ్మల్నందరినీ హాలులోకి పిలిచాడు. ముహందిస్ వెళ్తూ వెళ్తూ ఒక కాగితం రాసిచ్చి పోయాడట, దాన్ని చూసే నన్ను పంపకుండా మరో రెండేళ్లు ఉంచుకుంటున్నారట. గొంతు సవరించుకుని పైకి చదివాడు. నాలుగేళ్లలో ఈ మనిషి చేతి నుంచి వచ్చిన సైకిల్ ఒక్కసారి కూడా నన్ను మోసం చేయలేదు, తప్పు నాది, నా చేతులది, అతనికి దీనివల్ల ఏ నష్టమూ రాకూడదు అని ఉంది అందులో.

అందరూ చప్పట్లు కొట్టారు. ముదీర్ చేయి చాపాడు. నేను లేచి, ఆ చేయి పట్టుకుని, షుక్రన్ అన్నాను.