యాభై కాజాలు

అంగుళం మాస్టారంటే ఆ వీధిలో అందరికీ హడలే. కుట్టేది స్కూలు యూనిఫారాలే అయినా, నూలుపోగంత తేడా వస్తే ఊరుకునేవాడు కాదు. చొక్కా గుండీలకు మిషనుమీద కుట్టిన కాజాలు ఆయన కంటికి ఆనవు. చేత్తో కాజాలు కుట్టే పని కూతురిది. పదిహేడేళ్ళ పిల్ల, తల్లి లేదు. ఆమె పనితనం చూసి లోలోపల మురిసిపోయేవాడు. పైకి ఒక్క మాట అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కదా!

ఆ యేడు ఆ పిల్ల చెయ్యి పొద్దుటిపూట ఉన్నట్టుండి ఎగిరిపడటం మొదలైంది. ఓ రోజు టీ గ్లాసు వెళ్ళి గోడకు తగిలింది. మరో రోజు కాజా కోస్తుంటే కత్తెర జారి తెల్లచొక్కా పట్టీ చీలిపోయింది.

"కావాలని కాదు నాన్నా. చెయ్యి దానంతటదే అదురుతోంది."

"చెయ్యేం చేసింది? నీ ధ్యాస ఎక్కడుందో అది చెప్పు."

"ఓసారి డాక్టరుకు చూపించన్నా" అని పక్కకొట్టు ఇస్త్రీ ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వింటేగా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కొట్లో తప్పుకు శిక్ష ఒకటే. పాడైన బట్టలోంచి పీలిక కోసి, కొట్టు తెరిచేలోగా దానిమీద యాభై కాజాలు కుట్టి చూపించాలి. తానూ అలాగే నేర్చుకున్నాడు. పిల్లను నాలుగింటికే లేపేవాడు. చెయ్యి ఇంకా ఎక్కువ అదిరేది. మర్నాడు మూడున్నరకే లేపేవాడు.

శిక్ష మొదలైన పదకొండో రోజు పీలిక చేతిలో ఉండగానే పిల్ల విరుచుకు పడిపోయి గిలగిలా కొట్టుకుంది. కుట్టుమిషను అంచు కణతకు తగిలింది.

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "కునుకు పట్టేటప్పుడు ఒళ్ళు అదరడం అందరికీ ఉండేదే. కొందరికి వాడే మందుల వల్లా, ఒంట్లో లవణాలు తేడా రావడం వల్లా అదురుతుంది. మీ అమ్మాయిది మూర్ఛ. పొద్దున్నే చేతులు ఎగిరిపడటం దాని గుర్తు. మందులకు లొంగుతుంది, భయం లేదు. నిద్ర మాత్రం తగ్గకూడదు. ఈమధ్య సరిగ్గా పడుకుంటోందా?"

మాస్టారు కూతురి తలకట్టు వైపు చూశాడు. పగవాడైనా చేస్తాడా అలాంటి పని? బిడ్డ నిద్రను చేజేతులా లాక్కున్నాడు. నిజం చెబితే నమ్మలేదు.

మర్నాడు తెల్లవారుజామున సరిగ్గా మూడున్నరకి, తలకు కట్టుతో ఉన్న పిల్ల మంచంమీద ఉలిక్కిపడి లేవబోయింది. వేళ్ళు దుప్పటిమీద సూది కోసం తడుముతున్నాయి.

"పడుకోమ్మా. ఏ పనీ లేదు" అన్నాడు మాస్టారు, ఆ వేళ్ళను పట్టుకుని.

ఆ పిల్ల నమ్మలేదు.

"ఇంకా యాభై అవలేదు నాన్నా. ఈసారి చెయ్యి అదరనివ్వను."