పోలరాజు చేతివేళ్ళు

పోలరాజు చెయ్యి పెద్దది. తాడు ఒకసారి ఆ గుప్పిట్లో పడితే ఇక జారదు. బందరు దగ్గర సముద్రపొడ్డు పల్లెలో పాతికమంది మగాళ్ళు వరసగా నిలబడి అలివి వలను ఒడ్డుకు లాగేటప్పుడు ముందు చోటు ఎప్పుడూ అతనిదే. సారా ముట్టడు, గొంతు పెంచడు. పెళ్ళాం నాంచారమ్మను పల్లెత్తు మాట అని ఎరగడు. అలాంటి మనిషిని 1976లో ఆ పల్లె పెళ్ళాన్ని కొట్టే మొగుడని తేల్చేసింది.

నాంచారమ్మ ఒంటి మీద మొదటినుంచీ నల్లగా కమిలిన మచ్చలుండేవి. గడప తగిలితే మచ్చ, బుట్ట ఒరుసుకుంటే మచ్చ. చర్మం ఎంత పల్చనంటే కింద నరాలు నీలంగా కనపడేవి. ఒకనాడు చేపల బుట్ట నెత్తికెత్తుకోబోయి తూలితే, పడిపోకుండా పోలరాజు ఆమె జబ్బ పట్టుకున్నాడు. మర్నాటికి నాలుగు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు తేలాయి.

ఆ మచ్చ చూసి కులపెద్దల్ని కూర్చోబెట్టింది ఎవరో కాదు, అదే పల్లెలో ఉండే ఆమె సొంత అన్న కాశీరావు.

"మా ఆయన నన్ను కొట్టలా!" అని నాంచారమ్మ మొత్తుకుంది. మొగుడికి జడిసే ఆడది అలా కాక ఇంకెలా అంటుందని పెద్దలు నవ్వారు. పోలరాజును పిలిచి మచ్చ మీద చెయ్యి పెట్టమన్నారు. వేళ్ళు సరిగ్గా సరిపోయాయి. ఇంకేం కావాలి ఆ మహానుభావులకి! నాంచారమ్మను అన్న ఇంటికి పంపేశారు. పోలరాజు ఏడాదిపాటు అలివి తాడు ముట్టకూడదన్నారు. ఊహ తెలిసినప్పటినుంచి పక్కన నిలబడి వల లాగినవాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు, వాడు అలాంటివాడు కాదని నోరు విప్పలేదు.

అన్న ఇంట్లో రెండు నెలలున్నా మచ్చలు ఆగలేదు. ఒకరోజు కాలు చెక్కపెట్టెకి తగిలి పిక్కంతా నల్లబడి వాచింది. ఇక్కడెవరు కొడుతున్నారని చుట్టుపక్కలవాళ్ళు గుసగుసలాడటం మొదలుపెట్టేసరికి కాశీరావు తప్పక చెల్లెల్ని బెజవాడ తీసుకెళ్ళాడు. సంగతి తెలిసి పోలరాజు పిలవకుండానే అదే బస్సెక్కాడు.

గవర్నర్‌పేటలో డాక్టరు వెంకటకృష్ణారావుగారు ఆమె చర్మం, కీళ్ళు చాలాసేపు చూశారు.

"ఈమెని ఎవరూ కొట్టలేదయ్యా. ఇది పుట్టుకతో వచ్చిందనుకుంటా. రక్తనాళాల గోడలకి గట్టితనం ఇచ్చే మాంసకృత్తు ఒకటుంది, కొలాజెన్ అంటారు. మీ వలకి నూలు ఎలాగో గోడకి అది అలాగ. ఈమెకి ఆ నూలే బలహీనం. కాస్త గట్టిగా పట్టుకున్నా లోపల చిట్లుతుంది. పెద్ద నాళమే చిట్లితే ప్రాణానికి ముప్పు. వీళ్ళమ్మకి ఇలాంటివేమైనా ఉండేవా?"

"లేదండి," అన్నాడు కాశీరావు గోడవైపు చూస్తూ.

"దాచకయ్యా. ఆవిడ ఎలా పోయిందో తెలిస్తే, ఈమెకేం జరగొచ్చో నాకు తెలుస్తుంది."

పోలరాజు అతని చేతులు పట్టుకున్నాడు. "చెప్పు బావా. దాని పానం నీ నోట్లో ఉంది."

కాశీరావు గోడ మీంచి చూపు తిప్పాడు. "ఉన్నాయండి. ఒళ్ళంతా ఇవే మచ్చలు. కడుపు నొప్పని మెలికలు తిరిగి ఒక్కపూటలో పోయింది. మా నాయనే కొట్టి చంపాడని పెద్దల ముందు నేనే చెప్పా. అప్పుడు నాకు పదేళ్ళు, ఇది ఉయ్యాల్లో ఉంది. ఆయన్ని ఊళ్ళోంచి తరిమేశారు. మళ్ళా రాలా."

"మరి దీని ఒంటి మీద చూసినప్పుడు?"

"అప్పుడే అనుమానమొచ్చింది బావా. ఒప్పుకుంటే మా నాయన ఉసురు నా మీద పడుద్దని... నువ్వు కొట్టావంటే ఆయనా కొట్టినట్టే గదా."

నాంచారమ్మ తన అన్న ముఖంలోకి చూసి, తల తిప్పేసుకుంది. దీనికి మందు లేదనీ, పిల్లల్ని కనకూడదనీ, బరువులెత్తకూడదనీ, కడుపు నొప్పొస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తేవాలనీ డాక్టరుగారు చెప్పారు.

డాక్టరు మాట తెలిసి కులపెద్దలు నాంచారమ్మను మొగుడింటికి పంపారు. పొరపాటైపోయిందన్నారు, ఒంటి మీది ఇసక దులుపుకున్నంత తేలిగ్గా. మర్నాడు పొద్దున్నే పోలరాజును వల దగ్గరికి పిలిచారు. ముందు చోట నిలబడి ఉన్న కాశీరావు పక్కకి జరిగి తాడు అందించాడు.

"పట్టు బావా."

పోలరాజు చెయ్యి చాచలేదు. "మీ నాయన చేత గూడా మచ్చ మీద చెయ్యి పెట్టించారా బావా? సరిపోయిందా?"

వరసలో ఒక్కడూ తలెత్తలేదు. పోలరాజు వెనక్కి తిరిగి ఇంటికెళ్ళాడు. అతన్ని చూసి గుమ్మంలో కూర్చున్న నాంచారమ్మ లేవబోయి కాస్త తూలింది. జబ్బ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.